ఇఖామా అడగని ఆలోచన

విశ్వనాథానికి అనుమానం ఊపిరితో సమానం. సౌదీలోని ధహ్రాన్ క్యాంపులో గదిలో తోడున్న సలీం టీ పెట్టిచ్చినా, ముందు వాసన చూసిగానీ తాగేవాడు కాదు. పగలు ఇంజనీరు ఉద్యోగం, సాయంత్రం తత్వశాస్త్రం. అందులోనూ మనసును అదుపులో పెట్టుకోమన్న ఆ పాతకాలపు గ్రీకు స్టోయిక్కులంటే మహా ఇష్టం! వినేది కర్నూలు ఎలక్ట్రీషియన్ సలీం ఒక్కడే.

"పిడుగు పడితే జ్ఞాని మొహం కూడా పాలిపోతుంది సలీం. ఆ ఉలికిపాటు తప్పు కాదన్నారు స్టోయిక్కులు. 'నిజమే, ఇది ఆపదే' అని మనసు తలూపితేనే భయం. కొన్ని వందల ఏళ్ళకి ఈ మాట ఎడారిలో తపస్సు చేసుకునే క్రైస్తవ సన్యాసులకి చేరింది. వాళ్ళు ఆ ఉలికిపాటునే సైతాను పంపే చెడ్డ ఆలోచన అన్నారు. దాన్ని గుమ్మంలోనే ఆపి, 'నువ్వెవరు, ఎక్కణ్ణుంచి వచ్చావు?' అని అడగమన్నారు."

"మన గేటుకాడ గార్డు ఇఖామా గుర్తింపు కార్డు చూపియ్‌మన్నట్ల, అంతే కదా సార్?" అని సలీం నవ్వాడు.

తొంభై ఒకటి జనవరిలో ఇరాక్‌తో యుద్ధం మొదలైంది. క్షిపణుల్లో విషవాయువు ఉంటుందేమోనని కంపెనీ అందరికీ మాస్కులిచ్చింది. సలీంకి పాతది దక్కింది. ఒకరోజు పొద్దున్న లేచేసరికి మేకుకి తగిలించిన విశ్వనాథం మాస్కు లేదు. ఆ సాయంత్రం సలీం గడ్డం లేకుండా వచ్చాడు. మక్కా వెళ్ళి ఉమ్రా చేసొచ్చిన నాటినుంచి పెంచుకున్న గడ్డం! గడ్డం ఉంటే మాస్కు మొహానికి అతకదు, సందుల్లోంచి గాలి దూరుతుంది.

'ఓహో, నా మాస్కు కోసమే గడ్డం తీశాడన్నమాట!' విశ్వనాథం మొహం వేడెక్కింది. అంతవరకూ అతని తప్పేం లేదు. సలీంని ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. తిన్నగా క్యాంప్ బాస్ దగ్గరికెళ్ళి ఫిర్యాదు చేశాడు. దొంగతనమంటే ఫైనల్ ఎగ్జిటే, ఉద్యోగం పోయి ఇంటికే. అది తెలిసే చెప్పాడు మహానుభావుడు.

బాస్ గార్డులతో బయల్దేరాడు. ఇంతలో సైరన్ మోగింది. అందరూ షెల్టర్లోకి పరిగెత్తారు. సలీం సంచిలోంచి మాస్కు తీసి విశ్వనాథం తలకి తొడిగి పట్టీ బిగించాడు.

"మీ మాస్కు పట్టీ తెగిపోయినాది సార్. మీరు నిద్రలో ఉంటిరని చెప్పకనే వర్క్‌షాపుకి తీస్కపోయినా. కొత్తది ఏపిచ్చినా."

తర్వాత తన పాత మాస్కు పెట్టుకున్నాడు. నున్నటి చెంపలకి అది చక్కగా అతుక్కుంది.

ప్రమాదం తప్పిందని సైరన్ మళ్ళీ మోగాక, అందరూ మాస్కులు తీశారు. "యహీ హై క్యా?" అంటూ బాస్, ఇతనేనా అన్నట్టు సలీంకేసి వేలు చూపించాడు. గార్డులు ముందుకొచ్చారు. సలీం విశ్వనాథం మొహం చూశాడు. అతనికి అంతా అర్థమైపోయింది.

"ఇతను దొంగ కాదు. తప్పు నాది," అన్నాడు విశ్వనాథం అందరి ముందూ. సిగ్గుతో చచ్చిపోయాడు. బాస్ తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

సలీం అరవలేదు. "ఆ ఆలోచన వచ్చినప్పుడు ఇఖామా అడగల్యాదా సార్?" అన్నాడు. మర్నాడే గది మార్చుకున్నాడు.

యుద్ధం ఫిబ్రవరిలో ఆగింది. విశ్వనాథం ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి అక్కడే పనిచేశాడు. మెస్సులో ఎవరు టీ ఇచ్చినా వాసన చూడకుండా తాగేవాడు. సలీం మాత్రం మళ్ళీ ఎప్పుడూ ఇవ్వలేదు.