మావాడు ఏం ఆడతాడు లెండి

ఆ రోజుల్లో, అంటే నేను ఐస్ రింక్‌లో కాఫీలు అమ్ముతున్న రోజుల్లో, నా కొడుకును ఎవరైనా నా ముందు మెచ్చుకుంటే నాకు గుండెల్లో రాయి పడేది. పిల్లల్ని కన్నవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదనుకుంటాను. మెప్పు మరిగే నూనె లాంటిది, వెంటనే మూత పెట్టాలి. "మీవాడు భలే చురుకండీ" అని ఎవరన్నా అంటే, "ఆ, ఏం చురుకు, తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టడు" అని అప్పటికప్పుడు అనేయాలి. లేకపోతే దిష్టి తగులుతుంది. నన్ను మా అమ్మ అలాగే పెంచింది. సన్నటిదాన్ననీ, మొద్దుననీ, ఏ పనికీ రాననీ మా అమ్మ ఊరందరికీ చెప్పబట్టే నేను ఇన్నాళ్ళు బతికి బట్టకట్టానని నా నమ్మకం (చిన్నప్పుడు విని ఏడ్చిన మాట నిజమే, అది వేరే సంగతి).

మేముండేది అమెరికాలో, షామ్‌బర్గ్‌లో. మా ఆయన అక్కడొక ఇండియన్ రెస్టారెంట్‌లో వంట మాస్టరు. ఆయన వీసా కాగితాల మీద నేనూ వచ్చాను. అప్పట్లో నాకు అంకెలు తప్ప అక్షరాలు రావు, ఏ భాషలోనూ. ఇంగ్లీషు మాత్రం చెవులతో నేర్చుకున్నాను. రింక్‌లో కౌంటరు ఉద్యోగానికి అది సరిపోయింది. బిల్లు మిషను మీద ఏ మీట ఎక్కడుందో గుర్తుంటే చాలు (ఒకసారి కొత్త మేనేజరు మీటల వరస మార్చాడు, ఆ రోజంతా కాఫీ అడిగిన ప్రతివాడికీ నాచోస్ చిప్స్ బిల్లు ఇచ్చాను). అక్కడ పనిచేసేవాళ్ళ పిల్లలు ఖాళీ వేళల్లో ఉచితంగా స్కేటింగ్ చేసుకోవచ్చు. స్కూలు వదిలాక మావాణ్ణి ఎక్కడ ఉంచాలో తెలియక ఆ మంచు మీద వదిలాను. వదిలినవాడు మళ్ళీ నేల మీదికి రాలేదు. పదహారేళ్ళు వచ్చేసరికి వాడు హాకీ జట్టులో గోల్స్ కొట్టే మొనగాడు. అమ్మయ్య, ఆ మాట ఇన్నేళ్ళకి రాయగలిగాను. అప్పుడైతే చచ్చినా అనేదాన్ని కాదు.

వాడితో వచ్చిన చిక్కల్లా ఎత్తు. ఇంట్లో బుడ్డోడు అనేవాళ్ళం. తోటి కుర్రాళ్ళందరూ తాటిచెట్లలా సాగిపోతుంటే మావాడు వాళ్ళ మోచేతుల దగ్గర ఆగిపోయాడు. ఐస్ హాకీ అంటే ఊరికే కర్రతో రబ్బరు బిళ్ళను తోయడం కాదు. ఒకణ్ణొకడు భుజాలతో గుద్దుకుంటారు, గోడకేసి నొక్కుతారు, దాన్ని తప్పనరు, పైగా జనం చప్పట్లు కొడతారు. ఆ వసంతంలో జూనియర్ లీగ్ డ్రాఫ్ట్ వస్తోంది. డ్రాఫ్ట్ అంటే లీగ్‌లోని జట్లు వంతులవారీగా ఒక్కొక్క కుర్రాణ్ణి ఏరుకోవడం. అందులో ఎంపికైతే పైకి పోవడానికి దారి. కాకపోతే ఇక ఆట సరదాకే. బుడ్డోడికి వేరే ఊసు లేదు. అన్నం ముందు కూర్చుని కూడా వేళ్ళతో చెంచాను అటూ ఇటూ తోస్తుండేవాడు.

ఇదంతా నాకు అర్థమయ్యేలా చెప్పింది మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే కరీంనగర్ తమ్ముడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంకా పెళ్ళి కాలేదు, శనివారాలు మావాడి ఆటలు చూడడమే పని. ఒక శనివారం పొద్దున తమ్ముడు కౌంటరు మీదికి వంగి మెల్లగా అన్నాడు. "అక్కా, అగో, అద్దం కాడ మూలకు నిలబడ్డడు చూడు, తెల్ల మీసాలాయన. స్కౌట్ అట, ఒక జట్టు కోసం పోరగాళ్ళను ఏరేటోడు. మనోని కోసమే వచ్చిండు. మూడో మ్యాచ్ ఇది ఆయన చూసుడు."

చూశాను. పాత గోధుమరంగు కోటు, చేతిలో చిన్న నోట్‌బుక్కు. అందరూ అరుస్తుంటే ఆయన ఒక్కడే పెదవి కదపడం లేదు. బుడ్డోడి హెల్మెట్ కింద, చెవి వెనక పొద్దున్నే కాటుక చుక్క పెట్టాను కదా, చెమటకి కరిగిపోయిందేమోనని ఒకటే బెంగ.

మొదటి విరామంలో, మిషను వచ్చి మంచు చదును చేస్తుండగా, మీసాలాయన కాఫీకి వచ్చాడు. (మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. నా ఇంగ్లీషు ఉన్నది ఉన్నట్టు రాస్తే మీరు నవ్వి పోతారు కాబట్టి తెలుగులో రాస్తున్నాను.)

"ఆ ఇరవై ఏడో నంబరు కుర్రాడు, ఆ పొట్టివాడు, మీకు తెలుసా?" అన్నాడు.

"మా అబ్బాయే" అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టేశాడు. "అమ్మా, నేను ముప్ఫై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. అలాంటి చేతులు అరుదుగా కనపడతాయి. గోల్ వాడికి వాసన వస్తుంది."

అంతే. లోపల మా అమ్మ లేచి కూర్చుంది. నా నోరు నా అనుమతి లేకుండా తెరుచుకుంది. "అబ్బే, అంత లేదండీ. మావాడు ఏం ఆడతాడు లెండి, ఏదో అదృష్టం. తిండి సరిగా తినడు. ఒంట్లో బలం ఎక్కడిది? వట్టి బద్ధకస్తుడు, పొద్దున లేపడానికి గంట పడుతుంది."

ఆయన కనుబొమలు పైకి లేచాయి. నోట్‌బుక్కు తీశాడు. రాశాడు. నింపాదిగా, రెండు లైన్లు. నాకెంత గర్వమో! నా మాటలు ఒక పెద్దమనిషి కాగితం మీద పెట్టడం నా జన్మలో అదే మొదటిసారి. పరుగున తమ్ముడి దగ్గరికి వెళ్ళి చెప్పాను, "నేను చెప్పింది రాసుకున్నాడు తెలుసా!"

"ఏం జెప్పినవ్ అక్కా?"

చెప్పాను. తమ్ముడి చేతిలో నాచోస్ చేతిలోనే ఉండిపోయాయి. "సచ్చినం పో! అక్కా, ఆయన రాసే రిపోర్ట్ మీదనే అంతా. పొట్టోడు, తట్టుకుంటడా లేదా అని ఒక్కటే డౌట్ వాళ్ళకు. సైజు లేకుంటే కష్టపడే గుణమన్న ఉండాలె. నువ్వు పోయి తినడు, బలం లేదు, లేజీ అంటివా? కన్నతల్లే చెప్పినంక ఇంక వేరే సాక్ష్యం ఎందుకు?"

"ఊరికే అంటారయ్యా అలాగ! ఎవరైనా నిజమనుకుంటారా?"

"మనోళ్ళు అనుకోరు. ఈళ్ళు ఉన్నదున్నట్టు రాసుకుంటరు!"

వాడు పొద్దున అయిదింటికి తనంతట తనే లేచి, చీకట్లో బ్యాగు మోసుకుని, నా కంటే ముందు కారు దగ్గర నిలబడే పిల్లవాడు. వాడి ఏడేళ్ళ కష్టాన్ని నేను ఒక్క కాఫీకప్పు చల్లారేలోగా తుడిచిపెట్టాను.

రెండో విరామానికి ఆయన రాలేదు. నేనే కౌంటరు పక్కమ్మాయికి అప్పగించి, వేడి కాఫీ పట్టుకుని అద్దం దగ్గరికి వెళ్ళాను. పొగడాలి. నా కొడుకును నా నోటితో నేను పొగడాలి. తాళం చెవి దొరకని పెట్టె ముందు నిలబడ్డట్టుంది.

"సార్, మావాడు తింటాడు" అన్నాను.

"మంచిది" అన్నాడు ఆయన.

"చాలా తింటాడు. పద్నాలుగు ఇడ్లీలు." (ఎనిమిది. ఒకే ఒక్కసారి.) అనేసి, భయమేసి, రెండు చేతులూ కణతల దగ్గర పెట్టుకుని మెటికలు విరిచాను. "బద్ధకం కూడా లేదు. అయిదింటికే లేస్తాడు." మళ్ళీ మెటికలు. "బలం ఉంది." మెటికలు.

"తలనొప్పా అమ్మా?" అన్నాడు ఆయన పాపం, నిజమైన జాలితో.

అవునని తలూపుతుండగానే ఆట మొదలైంది. ఇంకొద్దిసేపట్లో మ్యాచ్ అయిపోతుందనగా, అవతలి జట్టులో తలుపంత వెడల్పున్న కుర్రాడొకడు దూసుకొచ్చి, మేము నిలబడ్డ చోటే, బుడ్డోణ్ణి అద్దానికేసి కొట్టాడు. అద్దం నా ముఖం ముందు వణికింది. వాడి హెల్మెట్ నా చేతికి జానెడు దూరంలో జారుతూ కిందికి దిగిపోయింది. కాఫీ నా చేతి మీద ఒలికినా తెలియలేదు. మీసాలాయన మాత్రం వంగి చూస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు... ఎన్ని లెక్కపెట్టానో గుర్తులేదు.

బుడ్డోడు మోకాళ్ళ మీదికి లేచాడు. నా వైపు చూడలేదు, తనను కొట్టినవాడి వైపూ చూడలేదు. రబ్బరు బిళ్ళ ఎటుపోయిందో చూశాడు. లేచి, ఆ తలుపుగాడి చంక కిందనుంచి దూరి, దాన్ని లాక్కుని, ఎదురుగా ఖాళీగా ఉన్న తోటివాడికి అందించాడు. వాడు గోల్ కొట్టాడు. గోల్ మావాడిది కాదు. ఆ రోజు మావాడు ఒక్క గోలూ కొట్టలేదు.

మీసాలాయన నోట్‌బుక్కు తీసి ఇంకో లైను రాశాడు. అప్పటికి నాకు తెగింపు వచ్చేసింది. "సార్, నేను ముందు చెప్పింది అబద్ధం. మా వైపు తల్లి తన బిడ్డను మెచ్చుకోకూడదు. మెచ్చుకుంటే కీడు. అందుకే అలా అన్నాను" అని గబగబా చెప్పేశాను.

ఆయన నోట్‌బుక్కు తిప్పి, ఆ పేజీ నా ముందుకు చాపాడు. "చదవండి. మీరు చూడొచ్చు."

చుట్టూ అందరూ ఉన్నారు. కొడుకు అద్దం అవతల ఉన్నాడు. నాకు చదవడం రాదని చెప్పడానికి నోరు రాలేదు. పేజీ మీద పైనుంచి కిందికి కళ్ళు తిప్పాను, మధ్యలో ఒకచోట ఆగి ఆలోచించినట్టు కూడా చేశాను (అంత నటన నాలో ఉందని నాకే తెలియదు). "చాలా బాగుంది" అన్నాను. ఆయన తల పంకించి, పుస్తకం జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

తమ్ముడు జుట్టు పీక్కున్నాడు. "పేజీనే చూపిచ్చిండా? ఏముంది అండ్ల?"

"మూడు లైన్లు. పైన ఇరవై ఏడు. దాని పక్కన ఐదు, మళ్ళీ ఐదు. పదికి ఐదే వేశాడంటావా?"

"అది హైటు అక్కా!"

కారులో బుడ్డోడు ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడు. వెనక తమ్ముడు నోరు జారనే జారాడు. బుడ్డోడు నా వైపు తిరిగి, వాడికొచ్చిన తెలుగులో అడిగాడు. "అమ్మా, యూ టోల్డ్ హిమ్ నేను లేజీ అని? వై? నీకు నేను గుడ్ అని అనిపించదా, ఎప్పుడూ?"

ఆ ఆఖరి మాట నేను ఊహించలేదు. నా లెక్కలో దిష్టి ఉంది, మీసాలాయన ఉన్నాడు. పదహారేళ్ళుగా పక్కనే నిలబడి ఇదంతా వింటున్న పిల్లవాడు లేడు.

"కన్ను పడుతుందని, నాన్నా" అన్నాను.

"హూజ్ కన్ను?"

"అందరిదీ. అందరికంటే ముందు తల్లిదే తగులుతుందంటారు. నేను నిన్ను చూసినట్టు ఇంకెవరు చూస్తారు?"

ఇంటి మలుపు దగ్గర వాడు, "నెక్స్ట్ టైమ్ జస్ట్ సే, ఫాస్ట్‌గా ఉంటాడు అని. ఓకే? అది చాలు" అన్నాడు.

మూడు వారాలు. అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. డ్రాఫ్ట్ రోజు మధ్యాహ్నం, భోజనాల వేళ అయ్యాక, రెస్టారెంట్ వంటింట్లో తమ్ముడి ఫోన్ చుట్టూ చేరాం. ఒక్కో రౌండూ అయిపోతోంది, ఎవరెవరి పేర్లో వస్తున్నాయి. మా ఆయన ముందు నిలబడి చూశాడు, తర్వాత కుర్చీలో కూర్చున్నాడు, ఆఖరికి లేచి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు. "ఏమండీ, కాసేపు ఆగొచ్చు కదా" అంటే, "సాయంత్రానికి కూర నీ లీగ్ వండుతుందా?" అన్నాడు. ఆయన కళ్ళు ఉల్లిపాయలకే తడిశాయని ఇప్పటికీ అంటాడు. బుడ్డోడు గిన్నెలు కడిగే తొట్టి పక్కన నేల మీద కూర్చుని గోడకి తల ఆనించాడు. ఇంకొక్క రౌండే మిగిలి ఉందనగా తమ్ముడు, "వచ్చింది!" అని అరిచిన అరుపుకి మా ఆయన చేతిలో కత్తి కింద పడింది. ఏరుకున్నది మీసాలాయన జట్టే.

బుడ్డోడు ఆ జట్టులో రెండేళ్ళు ఆడాడు, అంగుళం కూడా పెరగలేదు, గోల్స్ మాత్రం ఆపలేదు. నేను ఆ ఏడాదే ఊరి లైబ్రరీలో పెద్దవాళ్ళ క్లాసులో చేరి ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత తమ్ముడి దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మీసాలాయన మళ్ళీ రెండుసార్లు కాఫీకి వచ్చాడు. రెండుసార్లూ ఆ పేజీ సంగతి అడుగుదామనుకున్నాను. చదివి మెచ్చుకున్నదాన్ని మళ్ళీ ఎలా అడగను? ఇప్పుడు ఎవరి చేతిరాతైనా కూడబలుక్కుని చదవగలను. ఆయన రిటైరై ఎటో వెళ్ళిపోయాడు. ఆ మూడు లైన్లలో నా కొడుకు గురించి ఏముందో నాకు నేటికీ తెలియదు. వేడి కాఫీ ఒలికిన చేత్తో, రాని చదువును అంత గంభీరంగా చదివి, చాలా బాగుంది అని తీర్పు చెప్పిన ఆ మనిషిని తలుచుకుంటే నవ్వొస్తుంది. అయినా ఆమె చెప్పిందే నిజమై ఉంటుందిలే అనుకుంటాను.