డ్యాష్‌బోర్డు మీద రెండు చిల్లులు

ఎనభైల మొదట్లో మేము న్యూజెర్సీలోని పిస్కాటవేలో అద్దెకున్న ఇంటికి ఒక గరాజ్ ఉండేది. అందులో ఇంకే వస్తువూ పెట్టుకునే వీల్లేకుండా ఒక కారు ఉండేది. అరవైల చివర్లో తయారైన రెండు తలుపుల బండి. ముందు భాగమే మా వంటింటి కంటే పొడుగు. మా ఆయన దాన్ని "క్లాసిక్" అనేవారు. నేను "అది" అనేదాన్ని.

ఆఫీసులో పక్క టేబులతను టెక్సస్ వెళ్ళిపోతూ దాన్ని మా ఆయనకి అంటగట్టి వెళ్ళాడు. పుట్టినప్పుడున్న ఇంజను అందులో లేదు. దాని చోట్లో ఏదో డెలివరీ వ్యానులోంచి పీకిన ఇంజను కూర్చోబెట్టారు. అదీ తిరగదు. బండి ఎవరిదో చెప్పే టైటిల్ కాగితం అసలే లేదు. "చేతిలో చెయ్యేసి ఇచ్చాడోయ్, ఇంకా కాగితాలెందుకు?" అన్నారు మా ఆయన. ఇండియా నుంచి బయల్దేరేటప్పుడు నా ఎమ్మెస్సీ సర్టిఫికెట్లన్నిటికీ నకళ్ళు తీయించి, ఒక్కోదాని మీదా గెజిటెడ్ ఆఫీసరు చేత సంతకం పెట్టించిన మనిషి ఈయనే.

అలా మాది రెండు కార్ల సంసారం. కదిలేది పొద్దున్నే ఆయన్ని తీసుకుని ఆఫీసుకి పోయేది. కదలనిది నాకు తోడుగా ఇంట్లో ఉండేది. నాకు డ్రైవింగ్ వచ్చు. లైసెన్సు కూడా ఉంది. గ్రోసరీ స్టోర్లో చెక్కు రాసినప్పుడు మొహం పోల్చుకోవడానికి చూపించడం తప్ప దానికి ఇంకో పని ఉండేది కాదు.

ఇలా ఉండగా ప్లెయిన్స్‌బరో దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో నాకు ఉద్యోగం వచ్చింది. ఎన్నాళ్ళుగానో అప్లికేషన్లు పంపి పంపి విసిగిపోయి ఉన్నానేమో, ఫోన్ పెట్టేసి వంటింట్లో ఒక్కదాన్నే గెంతులేశాను. గెంతడం అయ్యాక గుర్తొచ్చింది, అక్కడికి బస్సు లేదని. మా ఆయన ఆఫీసు పూర్తిగా అవతలి దిక్కు. జూన్ మొదటి సోమవారం చేరాలి, లేకపోతే రాలేనని చెప్పెయ్యాలి.

"ఎందుకు బెంగ? క్లాసిక్‌ని అమ్మేస్తాను. వచ్చిన డబ్బుతో నీకు బ్రహ్మాండమైన కారు కొనొచ్చు. ఇంకా మిగుల్తుంది కూడా," అన్నారాయన. ఆ పూట నుంచి ఆ తుప్పు బండికి ఎంత వస్తుందన్నది నా బతుకు ప్రశ్న అయిపోయింది.

వెల కట్టడానికి మా వాళ్ళకి కొదవేముంది? ఆదివారం ఇంటికో వంటకం చొప్పున తెచ్చుకునే పాట్‌లక్‌కి మా ఇంటికి నాలుగు కుటుంబాలొచ్చాయి. ఆడవాళ్ళం వంటింట్లో, మగవాళ్ళు పులిహోర ప్లేట్లతో గరాజ్‌లో. సరిగ్గా పెళ్ళిచూపులే. వంశం తెలీదు, జాతకం లేదు, గుండె మార్పిడి అయింది, అయినా పిల్ల లక్షణంగా ఉందని అందరూ ఒప్పుకున్నారు. వంతెనలు కట్టే సివిల్ ఇంజనీరు టైరుని కాలితో తన్ని, "ఉక్కండీ బాబూ, ఈ ఉక్కు ఇప్పుడు దొరకదు," అన్నాడు. అకౌంటెంటు లోపల కూర్చుని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి, "ఒరిజినల్ ఇంజను లేకపోతే నష్టమేం లేదన్నా. మనం ఒరిజినల్ పెట్టి రేట్ పెంచొచ్చు," అన్నాడు. పెరుగన్నం వేళకి బండి ధర మా అద్దె ఇంటి ఖరీదు దాటిపోయింది. వాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు కొంటాననలేదు.

పేపర్లో ప్రకటన వేశాం. ఒకే ఒక్క ఫోన్ వచ్చింది. ప్రిన్స్‌టన్ వైపు నుంచి ఒక డెంటిస్టు. ఇలాంటి పాత బండ్లు పోగుచేయడం ఆయన సరదా. ఇదే మోడల్ ఆయన దగ్గర ఒరిజినల్ ఇంజనుతో, పుట్టుపూర్వోత్తరాల కాగితాలతో సహా ఉందట. ఒక్క డ్యాష్‌బోర్డే ఎండకి పగిలిపోయిందట. ఆయన మా ఆయన్ని ఇంజను గురించి అడగలేదు, కాగితాల గురించి అడగలేదు. "డ్యాష్‌బోర్డు మీద పగుళ్ళున్నాయా?" అని మాత్రం అడిగాడు. "గీత కూడా లేదు!" అన్నారు మా ఆయన. నిజమే. ఎన్నో ఏళ్ళు గరాజ్ చీకట్లో పడుండబట్టి అది నల్లగా, నున్నగా, కొత్తగా ఉంది. ఆ బండి మొత్తంలో కొత్తగా ఉన్నది అదొక్కటే. అలాంటిది దొరకడం చాలా కష్టమనీ, నచ్చితే ఆ ఒక్కదాని కోసమే మంచి ధర ఇస్తాననీ చెప్పి, శనివారం మధ్యాహ్నం వస్తానన్నాడు డెంటిస్టు.

శనివారం పొద్దున్నే మా అన్నయ్యగారు దిగారు. సొంత అన్నయ్య కాదు. న్యూజెర్సీకి మా అందరికంటే ముందొచ్చినందుకు మా గుంపు మొత్తానికీ అన్నయ్యగారు. ఎవరు కొత్త కారు కొన్నా నిమ్మకాయలు తొక్కించేదీ, కొబ్బరికాయ కొట్టించేదీ, డ్యాష్‌బోర్డు మీద దేవుణ్ణి ప్రతిష్ఠించేదీ ఆయనే. దేవుడు కదలకుండా ఉండాలని జిగురుని నమ్మేవారు కాదు. స్క్రూలే.

బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇన్నేళ్ళుగా స్వామి లేకుండా ఉంచావుటయ్యా తమ్ముడూ? ఇంజను తిరగమంటే ఎందుకు తిరుగుతుంది?" అన్నారు. జేబులోంచి బొటనవేలంత ఇత్తడి వెంకటేశ్వరస్వామిని తీశారు. సంచీలోంచి డ్రిల్లు తీశారు.

నేను లోపల చట్నీకి కొబ్బరి తురుముతున్నాను. డ్రిల్లు చప్పుడు విని పరుగెత్తుకొచ్చేసరికి స్వామి వేంచేసి ఉన్నారు. మా ఆయన చేతులు జోడించి నిలబడి ఉన్నారు, కళ్ళు చెమర్చి కూడా ఉన్నాయి.

"ఏవండీ, ఆయన అడిగిందే డ్యాష్‌బోర్డు కదండీ!" అన్నాను.

"ఆయన పగుళ్ళున్నాయా అన్నాడోయ్. ఇవి పగుళ్ళు కావుగా," అన్నారు మా ఆయన.

"చిల్లులమ్మా చెల్లెమ్మా. అవీ రెండే. పైన స్వామి ఉంటే కనబడనే కనబడవు," అని భరోసా ఇచ్చారు అన్నయ్యగారు.

డెంటిస్టు చెప్పిన వేళకే వచ్చాడు. తలుపుల పక్కన చెక్క రంగు స్టిక్కరు అంటించిన పొడుగాటి పాత స్టేషన్ వ్యాగన్ కారులో దిగాడు. తెల్ల నిక్కరు, తెల్ల బూట్లు. పలకరింపులయ్యాక చేతిరుమాలులో చుట్టిన అయస్కాంతం తీసి బండి ఒళ్ళంతా ఆనించుకుంటూ పోయాడు. తలుపుల మీద అతుక్కుంది. కింది అంచుల్లో జారి పడిపోయింది. అక్కడంతా ఇనుము లేదట, తుప్పు తినేసిన చోట పుట్టీ మెత్తి రంగేశారట. తర్వాత పిడికున్న చిన్న అద్దం ఇంజను కిందకి దూర్చి, టార్చి వేసి, అక్కడ చెక్కిన నంబరు చదివాడు. బండి నంబరుతో అది కలవదని మాకు ముందే తెలుసు. ఆయన మాత్రం దవడ పన్ను పుచ్చిందని చెప్పేటప్పుడు పెట్టే మొహం పెట్టాడు. సీటుని వాసన చూశాడు. ఒక ఇనప ముక్కకి ఇంత వైద్యం చేసే మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

చివరికి తలుపు తీసి లోపలికి తొంగి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇది... గ్లూ చేశారా?"

"నో, నో. స్క్రూడ్! వెరీ స్ట్రాంగ్!" అన్నారు అన్నయ్యగారు.

ఆ మనిషి మొహం చూస్తే ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు. "ఎవరు చేశారు?" అన్నాడు.

"అవర్ గాడ్," అన్నారు మా ఆయన గర్వంగా.

దేవుణ్ణి ఏమంటాడు పాపం? గరాజ్ బయటికొచ్చి నిలబడ్డాడు. ఇంజను దీనిది కాదు, కాగితాలు లేవు, కాబట్టి దీన్ని కారని అనడానికి లేదు, విడిభాగాల కుప్ప మాత్రమే అన్నాడు. తలుపులూ, అద్దాలూ, సీట్లూ పనికొస్తాయి గనక ఏదో ఇస్తానన్నాడు. ఆయన చెప్పిన ధరకి వెనక చక్రాలు కూడా రావని మా ఆయన మండిపడ్డారు. "అమ్మను. నేనే బాగు చేయించుకుంటాను. దీని విలువ నీకేం తెలుసు?" అని తెలుగులోనే అరిచారు. అన్నయ్యగారు తల ఊపారు. గరాజ్ తలుపు దింపెయ్యడానికి మా ఆయన చెయ్యెత్తారు.

ఆ తలుపుతో పాటు నా ల్యాబ్ కూడా మూతబడుతోందని నాకు అర్థమైంది. గెజిటెడ్ సంతకాలున్న నకళ్ళతో సహా నా సర్టిఫికెట్ల కట్ట గుర్తొచ్చింది. నావన్నీ ఒరిజినల్సే, ఏ నంబరు చూసుకున్నా కలుస్తుంది, కానీ నన్ను గరాజ్ దాటించే బండి లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ వ్యాగన్ మీదేనా?" అని డెంటిస్టుని అడిగాను.

"మా ఆవిడది," అన్నాడు. కొత్తది కొనుక్కుంది, దీన్ని ఇంకా వదిలించుకోలేదన్నాడు.

"నడుస్తుందా?"

"దాన్లోనే కదా వచ్చాను."

"టైటిల్ ఉందా? ఇంజను దానిదేనా?"

ఆయన పకపకా నవ్వాడు. స్టేషన్ వ్యాగన్ గురించి ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదట. "పుట్టినప్పటిదే మేడమ్," అన్నాడు.

"అది నాకివ్వండి. ఇది మీరు తీసుకెళ్ళండి."

"ఏమిటీ, ఆ స్టిక్కర్ల బండికా? క్లాసిక్కా?" అన్నారు మా ఆయన.

"ఆ స్టిక్కర్ల బండి కదుల్తుందండీ. సోమవారం నేను ఉద్యోగంలో చేరాలి. మీరు దీన్ని బాగు చేయించేదాకా ఆగే ఓపిక నాకింక లేదు."

మా ఆయన నన్ను చూశారు, వ్యాగన్‌ని చూశారు. ఎత్తిన చెయ్యి మెల్లిగా దించారు. డెంటిస్టు సరేనన్నాడు.

మర్నాడే డెంటిస్టు బండ్లు లాగే టో ట్రక్‌ని వెంటబెట్టుకొచ్చి, మా ఇంటి ముందు వ్యాగన్ పెట్టి, క్లాసిక్‌ని ట్రక్కుకి కట్టించి పంపేశాడు. దాన్ని రోడ్డు మలుపు దాకా చూస్తూ నిలబడ్డ మా ఆయన్ని చూస్తే నాక్కూడా జాలేసింది. అంతలో అన్నయ్యగారు ఊడదీసిన స్వామితో, డ్రిల్లుతో వ్యాగన్ వైపు నడిచారు.

"అన్నయ్యగారూ, స్వామిని ఇలా ఇవ్వండి. డ్రిల్లు మాత్రం సంచీలో పెట్టెయ్యండి," అన్నాను. స్వామిని నా పర్సులో, లైసెన్సు పక్కన పెట్టుకున్నాను.

డెంటిస్టు వాళ్ళావిడ సంతకం పెట్టిన వ్యాగన్ టైటిల్‌ని బానెట్ మీద పరిచి, "ఎవరి పేరు రాయమంటారు?" అన్నాడు. మా ఆయన అలవాటుగా తన పేరు స్పెల్లింగ్ మొదలెట్టారు. ఇంటి లీజు ఆయన పేరు మీద, బ్యాంకు ఆయన పేరు మీద, ఫోన్ ఆయన పేరు మీద. పెన్ను ఇంకా కాగితానికి తగల్లేదు.

"నా పేరు," అన్నాను. ఒక్కో అక్షరమే చెప్పాను. ఆయన ఒక్కోటే రాశాడు. తప్పు లేకుండా రాశాడు. ఆ కాగితం చేతికి తీసుకున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

దారి అలవాటు చేసుకుందామని ఆ సాయంత్రమే ప్లెయిన్స్‌బరో దాకా డ్రైవ్ చేశాను. మా ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. రూట్ వన్ హైవే మీదకొచ్చాక డ్యాష్‌బోర్డు మీద చెయ్యేసి నిమిరి, గ్లవ్ బాక్స్ తెరిచి మూసి, మైలేజీ చూసి, గొంతు సవరించుకున్నారు.

"బాగానే ఉందోయ్. అమ్మితే ఎంతొస్తుందంటావ్?"

"ఇది అమ్మేది కాదండీ," అన్నాను.