తిలెగెన్ పంపు ఆపని రోజు

తిలెగెన్ లారీల ఏసీ పైపులో అడ్డం ఎక్కడుందో చెంపతో కనిపెడతాడు. ఒకప్పుడు రైల్వేలో చేపలు మోసే చల్లబోగీలు బాగుచేసేవాడు. ఏళ్ల తరబడి గ్యాస్ చిమ్మి వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి, వేడీ తెలియదు, చల్లనా తెలియదు. అందుకని లారీ ముందు మూత ఎత్తి, ఇంజను నడుస్తుండగానే పైపు పొడుగునా చెంప ఆనించుకుంటూ పోతాడు. ఇక్కడ వేడి, ఇక్కడా వేడి, ఉన్నట్టుండి చల్లన. "ఇదిగో, ఇక్కడ పట్టేసింది" అంటాడు. భార్య పోయిన ఐదేళ్లలో ఆ చెంపకి తగిలినవి ఆ పైపులే. నేను మొరటుదాన్ని, ఉన్నమాట చెబుతున్నాను.

గడ్డి మైదానం మధ్య ఇర్గిజ్ ఊరి మలుపు దగ్గర, రోడ్డుకి అటు గదంత ఉండే అతని ఇనప పెట్టె, ఇటు నా టీ కొట్టు. ఆ పెట్టెలోనే పని, అందులోనే పడక. అడ్డం తీశాక, తేమ పీల్చే డబ్బా మార్చి, పంపు పెట్టి పైపులోని గాలంతా లాగెయ్యాలి. అందుకు నలభై ఐదు నిమిషాలు చాలు. నా కిటికీలోంచి చూసి చూసి ఆ పని నాకూ వచ్చేసింది. చిరాకు డ్రైవరైతే నలభై ఐదు నిమిషాలే. కబుర్లు చెప్పేవాడు దొరికితే మాత్రం రెండు గంటలు.

"తేమంతా పోవద్దూ, కుల్పాష్!" అనేవాడు నాతో.

"తేమ కాదు తిలెగెన్ అన్నా, నీ పంపుకి చెవులున్నాయి" అని నేను దెప్పేదాన్ని.

కిందటేడు జులైలో ఒక పొద్దున, ఎప్పుడూ ఈ దారినే పోయే డ్రైవరు ఒరజ్గలి లారీ వచ్చి ఆగింది. అంతకు నెల ముందే ఎండకి స్టీరింగ్ మీద కళ్లు తిరిగి పడిపోయాడట, ఏసీ లేకుండా బండి నడపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట.

"అన్నా, పన్నెండుకల్లా నన్ను వదిలెయ్యాలి" అన్నాడు. "సాయంత్రం ఆరింటికి అక్టోబేలో కొడుకింట్లో మనవడి కాళ్ల తాడు కొయ్యాలి. వాడు తొలి అడుగులేశాడు. కోసేది నేనే! 'మామయ్య నడకే నా కొడుక్కి రావాలి' అని కోడలు పట్టుబట్టిందట. లారీవాడి నడక ఎవరన్నా కోరుకుంటారా చెప్పు? నా జన్మలో ఇలాంటి పనికి నన్ను ఎవరూ పిలవలేదు." మాలో తొలి అడుగులేసిన పిల్లాడి కాళ్లకి తాడు కట్టి, ఎవరి నడక రావాలనుకుంటే వాళ్లచేత కోయిస్తాం.

"రాత్రంతా నడిపినట్టున్నావ్. లోపల నా మంచం మీద పడుకో. నేను లేపుతాలే" అన్నాడు తిలెగెన్.

పదకొండింటికి పంపు మొదలైంది. పన్నెండింటికి నేను టీ పట్టుకెళ్లాను. తిలెగెన్ గుమ్మంలో పీట మీద కూర్చుని, నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టాడు. లోపల ఒరజ్గలి గురక. పంపు ఆడుతూనే ఉంది.

"ఆపవేం? టైమయిందిగా" అన్నాను.

"కాసేపుండు. ఈ గదిలో ఇంకొకరి గురక విని నాలుగేళ్లయింది, కుల్పాష్."

నేను అరిచి లేపాల్సింది. అతని మొహం చూసి టీ కింద పెట్టేశాను. ఇంకో పది నిమిషాలేగా అనుకుని, కొట్టుకి వచ్చి మాంసం కోసుకుంటూ కూర్చున్నాను. జనం వచ్చారు, మరిచిపోయాను.

రెండింటికి ఒరజ్గలి తనంతట తనే లేచాడు. వాడి కేకలు రోడ్డు దాటి వినిపించాయి. "తేమ పోవాలని..." అని తిలెగెన్ నసిగాడు. గ్యాస్ ఎక్కించినంతసేపూ ఒరజ్గలి వీపు తిప్పుకుని నిలబడ్డాడు. మాలో దారిన పోయేవాడు రొట్టె ఒక్క ముక్క కొరికి వెళతాడు, మిగతాది వాడు తిరిగొచ్చేదాకా దాచి ఉంచుతాం. తిలెగెన్ రొట్టె పట్టుకుని లారీ వెంట పరిగెత్తాడు.

"నీ రొట్టె నువ్వే తిను!" అని ఒరజ్గలి గేరు మార్చేశాడు.

ఒరజ్గలి చేరేలోపే తాడు వాళ్ల పక్కింటాయన కోశాడని తర్వాత వేరే డ్రైవర్ల వల్ల తెలిసింది. ఆ రోజు నుంచి తిలెగెన్ గోడకి గడియారం తగిలించాడు. నలభై ఐదు కాగానే మాట మధ్యలో ఉన్నా సరే లేచి పంపు ఆపేస్తాడు. కబుర్లు చెప్పేవాళ్లూ తగ్గిపోయారు.

ఈ జులైలో ఒరజ్గలి లారీ రెండుసార్లు ఆగకుండా పోయింది, అద్దాలు దించుకుని. "వాడి పైపు మళ్ళీ పట్టేసింది. నా దగ్గర ఆగడం కన్నా మాడిపోవడమే మేలనుకుంటున్నాడు" అన్నాడు తిలెగెన్. మూడోసారి లారీ కనబడగానే పోయి రోడ్డుకి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు.

"తప్పుకో!" అన్నాడు ఒరజ్గలి, బ్రేకు వేసి.

"తొక్కించు, లేకపోతే మూత ఎత్తు." తిలెగెన్ చేతి వాచీ విప్పి కిటికీలోంచి అతని ఒళ్లోకి విసిరాడు. "పంపు నలభై ఐదు నిమిషాలు. నువ్వే చూసుకో. నేను మాట్లాడను."

ఒరజ్గలి బండి పక్కకి తీశాడు; తిలెగెన్ మాట లేకుండా మూత ఎత్తి, అడ్డం తీసి, పంపు పెట్టాడు. ఒరజ్గలి కిందికి దిగలేదు, కళ్లు వాచీ మీంచి తియ్యలేదు. "అయింది" అన్నాడు చివరికి. తిలెగెన్ పంపు ఆపి, గ్యాస్ ఎక్కించి, దూరంగా వెళ్లి నిలబడ్డాడు. రొట్టె పట్టుకెళ్లింది నేను.

"ఆ రోజు టైమయిందని నాకూ తెలుసు తమ్ముడూ. నేనూ లేపలేదు" అన్నాను.

అతను రొట్టె అందుకున్నాడు. ఒక ముక్క కొరికాడు. "పిల్లాడు అచ్చం పక్కింటాయనలా కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నాడు" అన్నాడు. మిగతా రొట్టె నాకివ్వలేదు. తిలెగెన్‌ని పిలిచి, వాచీతో పాటు అతని చేతిలో పెట్టి, అద్దాలు ఎత్తుకుని వెళ్లిపోయాడు.

తిలెగెన్ మంచం దగ్గర కూర్చుని, ఆ రొట్టెను గుడ్డలో చుట్టాడు.

"మళ్ళీ వస్తాడులే అన్నా" అన్నాను.

"ఎందుకొస్తాడు కుల్పాష్? ఈసారి గట్టిగా చేశాను. నాలుగైదేళ్ల దాకా పైపు పట్టెయ్యదు" అన్నాడు.