సైగలాయన అరచెయ్యి

ఓడల మరమ్మతు రేవులో ఆయన్ని అందరూ సైగలాయన అంటారు. క్రేను ఎదురుగా నిలబడి ఎత్తు, దించు, ఆపు అని చేతులతో చెప్పడమే ఇరవై రెండేళ్లుగా ఆయన ఉద్యోగం. నోటితో చెప్తే ఇంట్లో పెళ్లామే వినిపించుకోదు. అదే అరచెయ్యి తెరిచి చెప్పాడా, ఎంత మొండిఘటమైనా తలూపాల్సిందే! ఆ చేతులు చూసే రెండుసార్లు సమ్మె ఆగింది. ఈ సంగతి మేనేజరుకి బాగా తెలుసు, ఖర్మ.

ఆ రోజు పొద్దున పాత ఓడ అడుగు ట్యాంకులోకి దిగడానికి ఎనిమిదిమంది మొరాయించారు. లోపలి విషవాయువు పోవాలంటే రెండు రోజులు గాలి కొట్టాలి, ఆ తర్వాత మీటరు పెట్టి చూడాలి. కొట్టింది ఒక్క పూట. మీటరు పాడై నెల దాటింది.

"నువ్వు చెప్తే దిగుతారు. చెప్పకపోతే రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదు," అన్నాడు మేనేజరు, నవ్వుతూనే.

ఆ ఎనిమిదిమందిలో సైగలాయన బావమరిది ఉన్నాడు, భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. ఆయనకి అప్పుడొక పిచ్చి ఉపాయం తోచింది. చేతులు వెనక్కి కట్టుకుని చెప్తే ఎవడూ నమ్మడు, తన ఉద్యోగమూ పోదు.

అలాగే చెప్పాడు. "గాలి బాగానే ఉందట. దిగొచ్చు."

ఒక్కడూ కదల్లేదు. హమ్మయ్య అనుకున్నాడు.

"అదేంటి బావా, నీ చేతులెవరైనా కట్టేశారా?" బావమరిది నవ్వాడు. "మాకు మాటలొద్దు. చేత్తో ఒక్కసారి చెప్పు, దిగిపోతాం."

అందరూ ఆయన చేతులకేసే చూస్తున్నారు, మేనేజరు కూడా. ఛీ, ఆ క్షణంలో ఆయనకి బావమరిది కాదు, తన వయసు గుర్తొచ్చింది. ఈ వయసులో ఇంకెవడిస్తాడు పని? కుడిచెయ్యి ముందుకొచ్చింది. అరచెయ్యి తెరుచుకుని నెమ్మదిగా కిందికి దిగింది, ఎంత నిబ్బరంగా దిగిందో!

ఎనిమిది ముఖాలూ తేటపడ్డాయి. బావమరిది ముందు, మిగతావాళ్లు వెనక, ఓడ మీదికెక్కి ట్యాంకు నోటి దగ్గరికి నడిచారు.

వాడి తల లోపలికి దిగిపోతుంటే సైగలాయన ఉండబట్టలేక "ఒరేయ్, ఆగండ్రా!" అని గావుకేక పెట్టాడు. క్రేను హోరులో ఆ కేక కొట్టుకుపోయింది. రెండు చేతులూ ఎత్తి అడ్డంగా ఊపాడు. క్రేను డ్రైవరు చూసి ఠక్కున ఆపేశాడు. దిగేవాళ్లు మాత్రం ఇటు వీపు తిప్పి ఉన్నారు.

ఆయన మెట్లెక్కి, పడుతూ లేస్తూ ట్యాంకు దగ్గరికి చేరేసరికి పైన ఎవరూ లేరు. రేవంతా నిశ్శబ్దం. వంగి బావమరిదిని పేరు పెట్టి పిలిచాడు, మళ్లీ పిలిచాడు. లోపల్నుంచి ఎవరూ పలకలేదు.