పుల్లల గూటి చిమ్మట

పసివాడికి జ్వరం తగ్గినా నమ్మకం చిక్కక, మాటిమాటికీ లేచి వాడి ఊపిరి చూస్తున్నాను. ఇందాక దోమతెర మీద గోరంత చిమ్మట వాలితే, వాడి చెవిలో దూరుతుందేమోనని దీపం దగ్గరకు తెచ్చి చూశాను. పొగచూరిన అద్దంలాంటి రెక్కలు, దువ్వెనపళ్ళలాంటి మీసాలు. గుర్తుపట్టాను. భయం పోయి, రాజమండ్రిలో గోదావరి గట్టున మా ఇల్లు గుర్తొచ్చి కలం పట్టుకున్నాను.

నాన్నగారు కలప డిపోలో గుమాస్తా. నా పదో ఏట ఆయన డిపో పనిమీద కొండల్లోకి వెళ్ళి, రెండు పుల్లల గూళ్ళు వేలాడుతున్న కొమ్మ ఒకటి తెచ్చారు. అగ్గిపుల్లల కంటే చిన్న పుల్లల్ని పట్టుదారంతో చుట్టుకుని లోపల ఒక పురుగు కాపురం. పదకొండో ఏటనే భర్త పోయి మా ఇంట్లోనే ఉండిపోయిన మేనత్త వాటిని చూసి, పోయిన జన్మలో కట్టెలు దొంగిలించినవాళ్ళు ఇలా పుడతారంది. "అయితే మీ డిపో వాళ్ళే అయ్యుంటారు తమ్ముడూ" అని నవ్వింది.

ఆ రోజుల్లోనే నాకు పాలకొల్లు సంబంధం వచ్చింది. బడి మానిపించి మాఘంలో పెళ్ళి చేసేద్దామని నాన్నగారి ఆలోచన. ఎదురు చెప్పడం చేతకాక, నేను గూళ్ళను బుట్టకింద పెట్టి, రోజూ చూసింది చూసినట్టు కాగితం మీద రాసుకునేదాన్ని. ఒక గూటి నుంచి ఇలాంటి నల్ల చిమ్మటే వచ్చింది. ఆ సాయంత్రమంతా రెండో గూటిని పట్టుకుని వేలాడి, మర్నాటికి చచ్చిపడింది. రెండోదాంట్లోంచి ఏమీ రాలేదు. పదిరోజులు చూసి నాన్నగారు లోపలి పురుగు చచ్చిందని తేల్చి, పారేయమన్నారు. అత్తయ్య ఆ గూటిని తన బట్టల పెట్టె వెనక దాచింది. మూడోవారం ఒక పొద్దున దాని అడుగునుంచి గసగసాలంత పిల్లపురుగులు వందలుగా దారాలమీద దిగాయి.

నాన్నగారు గూడు కోసి చూశారు. లోపల ఆడపురుగు ఎండిన తొడుగు, రెక్కల జాడే లేదు. అది ఎన్నడూ బయటికి రాదని, మగ చిమ్మటే దాన్ని వెతుక్కుంటూ వస్తుందని ఆయనకప్పుడు అర్థమైంది. నా కాగితం అడిగి రెండుసార్లు చదివారు.

"ఇన్నేళ్ళు అడవుల్లో తిరిగి నేనిది చూడలేదే" అన్నారు.

"చూసే పిల్ల ఇంట్లో ఉందిగా. దాన్నేమో మూటగట్టి పంపించేస్తానంటావు" అంది అత్తయ్య, విస్తరాకులు కుడుతూ తలెత్తకుండా.

ఆ మధ్యాహ్నమే నాన్నగారు, పిల్ల ఇంకా చదువుకుంటుందని పాలకొల్లుకు ఉత్తరం రాశారు. ఆ చదువే నన్ను మద్రాసు కాలేజీదాకా తీసుకెళ్ళింది.

అత్తయ్య పోయి నాలుగేళ్ళయింది. పదకొండో ఏటి తర్వాత నాకు దొరికిన కాలమంతా ఆమెకు దొరకని కాలమేనని, ఒడిలో పిల్లవాడు పడ్డాకగాని నాకు తట్టలేదు.