పూరింపుము బావ మూడో ఫారం

“‘కార్యాలయ ఉపయోగం కొరకు మాత్రమే’ అని అంతంత లావు అక్షరాలతో ఉంటే, అందులో మీరెందుకు రాశారండీ?”

“ఖాళీగా ఉంది కదా.”

“వాళ్ళు రాసుకోవడానికి ఉంచుకున్నారు ఆ ఖాళీ.”

“అందుకేగా, వాళ్ళకి శ్రమ లేకుండా నేనే రాసిపెట్టాను. తప్పేం రాశానని? ‘పరిశీలించితిమి. బాగున్నది. పాపను పంపవచ్చును.’ వాళ్ళయినా అంతేగా రాయాల్సింది?”

వంటింట్లో అక్కా బావా ఇలా వాదించుకుంటుంటే, ముందుగదిలో చెప్పులు వేసుకుంటున్న బావమరిది ఒంటి చెప్పుతో అలాగే ఆగిపోయాడు. నవ్వొచ్చింది. నవ్వబోయేసరికి అక్క ముక్కు చీదుకోవడం వినబడింది. నవ్వడం మానేశాడు.

బావకి లోకంలో ఉన్నది ఒకే ఒక్క బలహీనత. ఖాళీ గడి కనబడితే చెయ్యి ఊరుకోదు. ఎవరో పిలిచినట్టు పెన్ను దానంతటదే జేబులోంచి బయటికొస్తుంది. ఈ పరాయి దేశంలో ఆసుపత్రి బట్టలు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ మిషను దగ్గర ఆయన ఉద్యోగం. చిన్నప్పటి పరీక్ష పేపరు గుర్తొచ్చి అక్కడి తెలుగువాళ్ళందరూ ఆయన్ని ‘పూరింపుము’ అంటారు. ఒక్కో మూటకీ ఒక చీటీ ఉంటుంది, చీటీ చివర ‘రిమార్కులు’ అని ఒక గడి. మిగతావాళ్ళు అందులో అడ్డగీత కొట్టి అవతల పారేస్తారు. బావ మాత్రం, ‘మూడో దుప్పటి చివర చిరుగు కలదు. పడుకున్నవారు బాగా పొడుగు మనిషి కావచ్చు. వారికి పెద్ద మంచం ఇవ్వగలరు’ అని రాస్తాడు.

“ఇస్త్రీ చెయ్యమంటే నవల రాస్తాడేంటయ్యా ఈయన” అని సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు.

ఒకసారి పన్ను నొప్పికి వెళితే అక్కడా ఒక ఫారం ఇచ్చారు. ‘గర్భవతి అయినచో ఎన్నవ నెల’ అనే గడి అందులో ఉంది. మగవాళ్ళు దాన్ని దాటేసి పోతారని బావకి తట్టలేదు. కాసేపు ఆలోచించి, ‘కాదు. పొట్ట పదేళ్ళ నుంచీ ఇంతే’ అని రాశాడు. అది చదివి నవ్వు ఆపుకోలేక డాక్టరు పక్క పన్ను పీకబోయాడని బావమరిది అందరికీ చెబుతుంటాడు. ఆ ఆఖరి ముక్క మాత్రం అతని సొంతం.

నవ్వుకోవడానికి ఇవన్నీ బాగానే ఉంటాయి. కాని ఇప్పుడు తిరిగొచ్చిన ఫారం అక్క కూతురిది. మొదటి భర్త పోయాక అక్క బావని చేసుకుని ఈ దేశం వచ్చేటప్పటికి ఆ పిల్లకి అయిదేళ్ళు. కాగితాలు రాగానే తెచ్చుకుందామని చిన్నక్క దగ్గర దిగబెట్టి వచ్చింది. ఇప్పుడు పిల్లకి ఎనిమిది నిండాయి. ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు బావకే ఉంది గనుక స్పాన్సరు చెయ్యవలసింది ఆయనే. మొదటిసారి ‘ఇతర పేర్లు’ అన్నచోట పాప ముద్దుపేర్లు పదకొండూ రాశాడు. ఫారం తిప్పి పంపారు. రెండోసారి ఇదీ సంగతి. మూడోసారి కూడా తప్పొస్తే ఫైలు మూసేస్తారు. ఆపైన మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి, ఇంకో మూడేళ్ళు ఎదురుచూడాలి.

బావమరిది వంటింట్లోకి వెళ్ళి చెయ్యి చాపాడు. “పెన్నిటివ్వు బావా.”

“నీకెందుకురా? కాలేజీలో పరీక్ష ఫారమే సగంలో వదిలేసినవాడివి.”

“అందుకే ఇమ్మంటున్నా. వదిలెయ్యడంలో నాకున్న అనుభవం నీకు లేదు.”

పది నిమిషాల్లో పని కానిచ్చాడు. అక్కర్లేదనిపించినవన్నీ ఖాళీగా వదిలేశాడు. పక్కన కూర్చున్న బావ, ఒక్కో ఖాళీ దాటుతున్నప్పుడల్లా ఎవరో కాలు తొక్కినట్టు ఉలిక్కిపడ్డాడు.

“అది ఒక్కటీ రాయరా. పాపం, అలా బోసిగా ఉంటే ఎలా?”

“ఏం చావదులే బావా.”

ఈసారి ఫారం తిరిగి రాలేదు. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. స్పాన్సరూ, తోడు ఒక బంధువూ రావాలన్నారు. బయల్దేరేముందు అక్క గుమ్మంలో అడ్డం నిలబడి, “ఒరేయ్, మీ బావ జేబులు వెతుకు” అంది. చొక్కా జేబులో ఒక పెన్ను, ప్యాంటు జేబులో ఒకటి, ఎడమకాలి మేజోడులో ఇంకొకటి దొరికాయి.

పెన్ను లేకపోతే బావకి నాలుక కూడా ఉండదని బావమరిదికి ఆ ఆఫీసులో కూర్చున్నాకగాని తెలియలేదు. బల్లకి అవతల కళ్ళజోడు పెట్టుకున్న అధికారిణి, అదృష్టంకొద్దీ తెలుగావిడే, తెలుగులోనే అడుగుతోంది.

“పాపని మీరు ఎన్నిసార్లు చూశారు?”

“ఒకసారండి. పెళ్ళప్పుడు. మూడు రోజులు.”

“మళ్ళీ వెళ్ళలేదా?”

“లాండ్రీలో అంత సెలవివ్వరండి.”

“మూడేళ్ళలో మూడు రోజులు. ఆ పిల్ల మీకు కూతురని నన్నెలా నమ్మమంటారు?”

బావ చెమట తుడుచుకున్నాడు. ఇంటినుంచి మోసుకొచ్చి ఒళ్ళో పెట్టుకున్న సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. బావమరిదికి ఒళ్ళు మండింది.

“మాట్లాడు బావా. ఆ సంచిలో ఏంటి?”

“పాప బడివిరా. వాటి గురించి ఎవరూ అడగలేదు. అడిగే గడి ఆ ఫారంలో ఎక్కడా లేదు.”

బావమరిది సంచి లాక్కుని బల్లమీద బోర్లించాడు. మూడు లావుపాటి నోటుపుస్తకాలు పడ్డాయి.

పాప బడి డైరీలో రోజూ పంతులమ్మ ఒక మాట రాస్తుంది. దానికింద ‘తల్లిదండ్రుల అభిప్రాయం’ అని గడి. పాప ఆ పేజీని చిన్నక్క ఫోనులో ఫొటో తీసి పంపితే, బావ దాన్ని తన పుస్తకంలో ఎక్కించి, కింద తన జవాబు రాసి, ఫొటో తీసి తిరిగి పంపేవాడు. పాప ఆ జవాబు చూసి డైరీలో దించుకునేది. పొద్దున్నే టీ తాగుతూ బావ ఏదో బరబరా రాస్తుండడం బావమరిది రోజూ చూశాడు. ఏ సబ్బు కంపెనీకో సలహాలు పంపుతున్నాడనుకున్నాడు.

అధికారిణి పేజీలు తిప్పుతోంది. బావమరిది తలకిందులుగా చదువుతున్నాడు.

‘పాప లెక్కలలో వెనుకబడినది.’ కింద బావ: ‘నేనూ అంతే. ఇద్దరం ఫోనులో కలిసి చదువుతున్నాం. ఏడో ఎక్కం వచ్చేసింది. ఎనిమిది నన్ను ఏడిపిస్తోంది.’

‘పాప తరగతిలో కబుర్లు చెప్పుచున్నది.’ కింద: ‘చాలా సంతోషం. పోయినేడు ఎవరితోనూ మాట్లాడేది కాదు.’

ఆవిడ మొదటి పుస్తకం మొదటి పేజీకి వెళ్ళింది. ‘తల్లిదండ్రుల గడి వారం నుండి ఖాళీ. పాపను బల్లపై నిలబెట్టడమైనది.’ కింద, అప్పటికింకా వంకరగా ఉన్న దస్తూరీలో: ‘క్షమించాలి. ఇకమీద ఏ గడీ ఖాళీ ఉండదు. ఇట్లు, నాన్న.’

బావమరిది గోడమీది గడియారం చూడవలసి వచ్చింది. అది ఆగిపోయి ఉంది. అయినా చాలాసేపు చూశాడు.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఫారం ముందుకి జరిపింది. “ఇదొక్కటి ఎవరు వదిలేశారు? ‘ఇక్కడికి వచ్చాక పాపను రోజూ బడికి తయారుచేసేది ఎవరు’ అన్నది.”

బావమరిది తల గోక్కున్నాడు. బావ అతని వంక ఒక్క చూపు చూశాడు. ఆ చూపుకి కాలేజీ ప్రిన్సిపాలు కూడా చాలడు. ఆవిడ తన పెన్ను ఇవ్వగానే అందుకున్నాడు. ‘నేను. వాళ్ళమ్మది తెల్లవారుజాము షిఫ్టు. నాది పది గంటలకి. స్నానం, టిఫిను, జడ, బూట్లు’ అంటూ గడి నిండి, మార్జిను దాటి, పేజీ నంబరు దాకా వచ్చేశాడు.

“చాలండి” అంది ఆవిడ పెన్ను వెనక్కి తీసుకుంటూ. “మిగతాది పాప వచ్చాక చేసి చూపించండి.”

నెల తిరక్కుండా అనుమతి వచ్చింది. పాప వచ్చే ఆదివారం విమానం దిగుతుంది. అక్క ఇల్లంతా మూడుసార్లు కడిగింది. బావమరిది ఎప్పట్లాగే ఎక్కడికో బయల్దేరుతుంటే, బావ దువ్వెనా, రెండు రిబ్బన్లూ పట్టుకుని వీధి తలుపు మూశాడు.

“ఒరేయ్, నీతో చిన్న పని పడింది.”

“ఏంటి బావా? ఇంకా ఏదైనా ఫారమా?”

“కాదు. ఆవిడ ముందు జడ నేనే వేస్తానని రాసేశాను కదా. మీ చిన్నక్క వీడియో పంపింది. మూడు పాయలే, చూడ్డానికి తేలిగ్గా ఉంది. తువ్వాలు కుచ్చుల మీద వారం నుంచీ ప్రయత్నిస్తున్నా, కుదిరి చావడం లేదు. మీ అక్కనడిగితే లాండ్రీ దాకా చెప్పుకుని నవ్వుతుంది. నీ జుట్టా, భుజాల దాకా పెంచావు.” స్టూలు లాగి ముందు వేశాడు. “ఒక్క పావుగంట కదలకుండా కూర్చోరా.”