తాతయ్య సంతకం

నేను విజయనగరంలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నప్పటి సంగతి ఇది. మా తాతయ్య రిటైరైన సర్జన్. సాలూరు వైపు లారీ ప్రమాదాల్లో నలిగిన కాళ్ళెన్నో తీసి, ప్రాణాలు నిలబెట్టారు. చివరికి షుగరుతో ఆయన కాలే కుళ్ళింది. మోకాలి కింద తీయకపోతే ప్రాణానికే ముప్పని ఆసుపత్రిలో చెప్పినా ఆయన సంతకం పెట్టనన్నారు. నేను ఒకటి, రెండు, మూడు అంటూ కారణాలు వివరించాను.

"అవన్నీ నేను రోగులకి చెప్పిన మాటలేరా," అన్నారు.

అప్పుడే, ఒకప్పుడు తాతయ్య కాలు తీసిన లారీ డ్రైవర్ సింహాచలం ఆయన్ని చూడటానికి కర్రల మీద వచ్చాడు.

"కాలు తియ్యాలని నీకెలా చెప్పానురా?" అని అడిగారు తాతయ్య.

"తలుపుకాడ నిలబడి సెప్పీసి ఎల్లిపోనారు బాబూ. నానొక్కణ్ణే ఏడ్సుకున్నాను."

"తిట్టుకున్నావా?"

"తిట్టకేటి? శానా తిట్టినాను. బతికున్నాను కాబట్టే మనవల్ని ఎత్తుకున్నాను. పెట్టండి బాబూ సంతకం!"

తాతయ్య సంతకం పెట్టి, "కాసేపు నా దగ్గర కూర్చోరా," అన్నారు. స్ట్రెచర్ వచ్చేదాకా సింహాచలం ఆయన చెయ్యి వదల్లేదు.

ఆపరేషన్ తర్వాత తాతయ్య కోలుకోలేదు. ఎవరికైనా చేదు కబురు చెప్పాల్సి వస్తే, నేనిప్పుడు ముందు వాళ్ళ పక్కన కూర్చుంటాను.